టిప్పు ఎంత? ఎవరికి?

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంట్లో వండి వడ్డించినందుకు మనకెవరూ టిప్పు ఇవ్వరు. మనం అడగనూ అడగం. ఆ సంగతి అలా వుంచండి. నెలకో, రెండు నెలలకో పిల్లల పోరు పడలేక అందరం కలిసి హోటలుకు వెళతాం. భోజనం బాగానే వుంటుంది, కబుర్లూ బాగానే వుంటాయి. చిక్కంతా చివర్న వస్తుంది. సోంపు, పటికబెల్లం పలుకులతో పాటు నల్లటి అట్టలో బిల్లు తెచ్చి బల్లమీద పెట్టి, సర్వరు రెండడుగులు వెనక్కి తగ్గి నిలబడతాడు. ఇంటాయన ఆ అట్ట తెరిచి అడుగున వున్న అంకె ఒక్కటే చూస్తారు. పైన ఏం రాశారో చదవడం నామోషీ! రైతుబజారులో బెండకాయల దగ్గర రెండు రూపాయలకు గీచి గీచి బేరమాడే మనం కూడా అక్కడ నోరు మెదపం. నలుగురూ చూస్తారేమోనని భయం.

నాకూ ఆ భయం వుండేది. శ్రీముఖలింగం వెళ్ళివచ్చిన దగ్గర్నుంచీ కొంచెం తగ్గింది. ముందు ఆ కథ చెప్పి, తరవాత లెక్కల్లోకి వస్తాను.

విశాఖపట్నం నుంచి తెల్లవారుజామునే కారులో బయలుదేరాం. మావారు, మా అత్తగారు, మా ఆడపడుచు, పిల్లలిద్దరూ, నేనూ. శ్రీముఖలింగం శ్రీకాకుళం నుంచి సుమారు 46 కిలోమీటర్లు. జలుమూరు మండలంలో వంశధార ఒడ్డున వుంది. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఇదేనని చరిత్రకారులు చెబుతారు. మధుకేశ్వరుడు, భీమేశ్వరుడు, సోమేశ్వరుడు అని మూడు గుళ్ళు. శివరాత్రికయితే మన జిల్లాలవాళ్ళే కాక ఒరిస్సా వైపునుంచి కూడా జనం విరగబడి వస్తారు. మేము వెళ్ళింది ఆ రద్దీ లేని రోజుల్లో.

దారిలో జాతీయ రహదారి పక్కన ఒక పెద్ద హోటల్లో టిఫినుకు ఆగాం. ఆ హోటలు పేరు ఇక్కడ అనవసరం. ఆరుగురం తిన్నది, తాగిన కాఫీలతో సహా 800 రూపాయలయింది. బిల్లు మట్టుకు 924 వచ్చింది. మావారు వెయ్యి రూపాయలు పెట్టి, "చిల్లర వుంచుకోవోయ్" అనబోతుంటే, ఆ కాగితం నేను లాక్కున్నాను. టిఫిన్లు 800. సర్వీసు చార్జి నూటికి 10 చొప్పున 80. ఆ 880 మీద పన్ను 44. అంటే వడ్డించినందుకు 80 ముందే కట్టించుకుని, ఆ వడ్డనకు పన్ను కూడా వేసి, పైన మళ్ళీ మన చేత 76 రూపాయలు టిప్పు పెట్టించే ఏర్పాటు అన్నమాట.

"ఈ ఎనభై మీ అందరికీ పంచుతారా బాబూ?" అని సర్వరును మెల్లిగా అడిగాను. అతను కౌంటరు వైపు ఒకసారి చూసి, "నాకు తెల్దమ్మా. జీతం నెలకిస్తారు. ఇది ఎటెళ్తాదో మాకు సెప్పరు" అన్నాడు. కౌంటరు దగ్గరికి వెళ్ళి, ఇది తీసెయ్యండి అన్నాను. "కంప్యూటరులోనే వచ్చేస్తుందండీ, తియ్యడానికి కుదరదు" అన్నారు ఆయన. ఈలోగా మావారు వెనకాల నిలబడి, "పోనిద్దూ, అందరూ చూస్తున్నారు" అన్నారు. కట్టేసి వచ్చేశాం. సర్వరుకు మావారు ఏమీ ఇవ్వలేదు. ఆయన మీద కోపం వచ్చింది, నా మీదా కోపం వచ్చింది. ఆ ఎనభై రూపాయల సంగతి అటుంచి, మాకు నాలుగుసార్లు సాంబారు తెచ్చిపోసిన మనిషి ఉత్త చేతులతో నిలబడిపోయాడు.

మధ్యాహ్నం దర్శనమయ్యాక గుడికి దగ్గర్లోనే రేకులషెడ్డులో ఒకావిడ నడిపే భోజన హోటలుకు వెళ్ళాం. విస్తరాకులో అన్నం, పప్పు, వంకాయకూర, చారు, పెరుగు. మనిషికి ఎనభై. ఆరుగురికి 480 అయితే 500 కాగితం ఇచ్చి, మిగిలింది వుంచుకోమన్నాను. ఆవిడ వెనకాలే వచ్చి ఇరవై నా చేతిలో పెట్టింది. "ఇదేటమ్మా, నా కూటికి నాను రేటు సెప్పినాను, మీరు ఇచ్చినారు. మల్ల ఇదెందుకు? ఇవ్వాలనుంటే ఆ ఆకులు తీసిన తాతకి ఇవ్వండి. ఆయనకి నానిచ్చేది తక్కువే" అంది.

పట్నం చెడ్డది, పల్లె మంచిది అని చెప్పడానికి ఇది చెప్పడం లేదు. అదే వూళ్ళో అదే పూట ఒక కొట్లో చల్లటి నీళ్ళ సీసాకు అచ్చువేసిన ధర మీద అయిదు రూపాయలు ఎక్కువ తీసుకున్నారు, ఫ్రిజ్జు కరెంటు ఖర్చట. నేను చెప్పొచ్చేదేమిటంటే, ఆవిడ రెండు సంగతులు విడదీసింది. తిండికి ధర వేరు. చాకిరీ చేసిన మనిషికి మనసుకు తోచి ఇచ్చేది వేరు. పెద్ద హోటలు బిల్లులో ఈ రెండూ కలిసిపోయాయి.

డబ్బు పుచ్చుకుని అన్నం పెట్టడం మనకేమీ కొత్త కాదండీ. క్రీడాభిరామంలో ఓరుగల్లు వర్ణన చదివినవాళ్ళకు ఒక రూకకు కమ్మని భోజనం పెట్టిన పూటకూటి ఇల్లు గుర్తుండే వుంటుంది. ఇక మన విజయనగరం సంగతి చెప్పాలా! 1892లో మొదటిసారి ప్రదర్శించిన కన్యాశుల్కంలో పూటకూళ్ళమ్మ వుండనే వుంది. అక్కడ మోసపోయింది తినడానికి వచ్చినవాడు కాదు, పెట్టిన మనిషి. సంతలో సామాన్లు కొనుక్కొస్తానని ఆవిడ దగ్గర డబ్బు పట్టుకెళ్ళి గిరీశం మధురవాణి మీద ఖర్చుపెట్టేశాడు. పాపం ఆవిడ చీపురుకట్ట పుచ్చుకుని వెతుక్కుంటూ రావలసి వచ్చింది. హోటలువాళ్ళ మీద ఫిర్యాదులు చెప్పుకునేటప్పుడు గిరీశాన్ని కూడా ఒకసారి తలుచుకోవడం మంచిది. తిన్నంత తిని, ఉప్పెక్కువయిందని బిల్లు తగ్గించమనేవాళ్ళు మన చుట్టాల్లోనే లేరూ?

ఇక ఇచ్చిపుచ్చుకునే మాటలకయితే మనకు కరువు లేదు. పూర్వం పల్లెల్లో చాకలికీ, మంగలికీ, కమ్మరికీ పంట ఇంటికి వచ్చినప్పుడు కళ్ళంలో మేర కొలిచేవారు. అది దయతో ఇచ్చేది కాదు, వాళ్ళ హక్కు. బక్షీసు పారశీకం నుంచి వచ్చిన మాట; అది పెద్దవాడు చిన్నవాడికి విసిరేది. మామూలు అంటే అలవాటుగా జరిగేది అని కదా అర్థం. ఆఫీసుల ధర్మమా అని అది లంచానికి మారుపేరయిపోయింది. శ్రీముఖలింగం గుళ్ళో గోడలమీదా స్తంభాలమీదా శాసనాలు చాలా వున్నాయి. అఖండదీపానికి ఎవరు ఏమిచ్చారన్నది చాలావాటిలో వుంటుంది. దేవుడికిచ్చింది రాతిమీద చెక్కించుకున్నారు, పెళ్ళిలో ఇచ్చింది చదివింపుల్లో గట్టిగా చదివిస్తాం. టిప్పు ఒక్కటే మూడోకంటికి తెలియకుండా పళ్ళెం కింద పెట్టి వచ్చేది. అందుకే కాబోలు, దాని లెక్క ఎవరికీ సరిగ్గా తెలియదు.

సరే, బిల్లు సంగతి చూద్దాం. మీ కళ్ళద్దాలు తెచ్చుకోండి, అంకెలు సన్నగా వుంటాయి.

ముందు తిన్నవాటి ధరలు. ఇది మెనూ కార్డుతో సరిపోవాలి. మనం చెప్పని పాపడాలు, మినరల్ వాటరు సీసాలు ఇక్కడే దూరుతుంటాయి. కూచోగానే "వాటరు బాటిల్ తెమ్మంటారా?" అని అడిగితే, మంచినీళ్ళు జగ్గులో తెమ్మని అప్పుడే చెప్పండి, మొహమాటపడితే అది బిల్లెక్కుతుంది. సీసా నీళ్ళ గురించి ఇంకొకటి. హోటల్లో కూచుని తాగితే అచ్చువేసిన ధర కన్నా ఎక్కువ వేసుకోవచ్చునని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. బల్ల, కుర్చీ, వడ్డన అన్నీ కలిసిన సేవ అది, ఉత్త సీసా అమ్మకం కాదు అన్నది వాళ్ళ వాదన. నాకు నచ్చలేదు గాని, తీర్పు తీర్పే. కొట్లో కొనుక్కుని చేత్తో పట్టుకుపోయే సీసాకు మట్టుకు అచ్చు ధరే కట్టాలి. ఫ్రిజ్జు ఖర్చు మనది కాదు.

తరవాతది పన్ను, జి.ఎస్.టి. ఇది హోటలువాళ్ళది కాదు, ప్రభుత్వానిది. 2017 నవంబరు 15 నుంచి మామూలు హోటళ్ళలో ఏ.సి. వున్నా లేకపోయినా నూటికి 5 రూపాయలే. రోజుకు ఏడున్నర వేల పైన గది అద్దె వుండే పెద్ద పెద్ద హోటళ్ళలో 18. పన్ను వేసిన బిల్లుమీద హోటలువారి జి.ఎస్.టి. నంబరు వుండి తీరాలి. అంకెలూ అక్షరాలూ కలిపి పదిహేను వుంటాయి. మన ఆంధ్రప్రదేశ్‌ది అయితే 37తోనూ, తెలంగాణాది అయితే 36తోనూ మొదలవుతుంది. నంబరు లేకుండా పన్ను వేశారంటే ఆ డబ్బు ప్రభుత్వానికి వెళ్ళే దారే లేదు. ఇంకో రకం కూడా వుంది. చిన్న హోటళ్ళవాళ్ళు కొందరు కాంపోజిషన్ పద్ధతిలో వుంటారు. వాళ్ళు అమ్మకాల మీద పన్ను తమ జేబులోంచి కట్టాలి, మన దగ్గర వేరే వసూలు చెయ్యకూడదు. ఆ సంగతి బోర్డుమీదా, బిల్లుమీదా రాసిపెట్టాలి కూడా.

ఈ రెండింటికీ మధ్యలో దూరేది సర్వీసు చార్జి. చాలామంది ఇదీ ప్రభుత్వపు పన్నే అనుకుంటారు. మావారు కూడా అలాగే అనుకున్నారట, తరవాత ఒప్పుకున్నారు. పూర్వం సర్వీసు టాక్సు అని నిజంగానే ఒక పన్ను వుండేది. అది 2017 జూలై 1న జి.ఎస్.టి.లో కలిసిపోయింది. పేర్లు ఒక్కలాగే వుండడంతో ఆ గందరగోళం ఇప్పటికీ పోలేదు. సర్వీసు చార్జి హోటలువారు తమంతట తాము వేసుకునేది, అంతే.

2022 జూలై 4న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ దీనిమీద మార్గదర్శకాలు ఇచ్చింది. బిల్లులో సర్వీసు చార్జి దానంతటదే వచ్చేసేటట్టు వెయ్యకూడదు. ఇంకో పేరు పెట్టి కూడా వసూలు చెయ్యకూడదు. కట్టమని బలవంతం చెయ్యకూడదు, కట్టనంటే లోపలికి రానివ్వమనీ, వడ్డించమనీ అనకూడదు. ఇది ఇష్టమయితేనే ఇచ్చేదని ముందే చెప్పాలి. దాన్ని బిల్లులో కలిపి మొత్తం మీద జి.ఎస్.టి. వెయ్యకూడదు. మా బిల్లులో జరిగింది అచ్చంగా ఇదే చూశారా! హోటళ్ళ సంఘాలు వెంటనే కోర్టుకెళ్ళి స్టే తెచ్చుకున్నాయి. దాదాపు మూడేళ్ళు అలా నలిగి, 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలు సబబేనని తేల్చింది. పిటిషను వేసిన రెండు సంఘాలూ చెరో లక్ష రూపాయలు కట్టాలని కూడా చెప్పింది. వాళ్ళు మళ్ళీ పైబెంచికి అప్పీలు చేసుకున్నారు. కోర్టుల సంగతి మీకు తెలుసు కదా.

మరి మనం చెయ్యవలసిందేమిటి? గొడవ పడనక్కర్లేదు. గొంతు పెంచితే మనదే తప్పన్నట్టు కనబడుతుంది. బిల్లు రాగానే, డబ్బు పెట్టకముందే, "ఇది తీసేసి ఇంకో బిల్లు ఇవ్వండి, సర్వరుకు నేనే ఇస్తాను" అని మేనేజరుతో చెప్పడం. ఈ రెండో ముక్క ముఖ్యం. మనం పిసినారితనంతో అడుగుతున్నామని అనుకోకుండా వుంటారు, సర్వరు కూడా మన మీద కోపం తెచ్చుకోడు. కంప్యూటరులో తియ్యడం కుదరదన్నమాట నమ్మకండి. వేసింది మనిషే, తియ్యగలిగిందీ మనిషే. అప్పటికీ వినకపోతే 1915కు ఫోను చెయ్యవచ్చు. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను. తెలుగులోనే మాట్లాడవచ్చు. జిల్లా కలెక్టరుకు కాగితం రాసుకోవచ్చు. అందాకా వెళ్ళినా వెళ్ళకపోయినా బిల్లు మట్టుకు పారేయకండి.

అసలు ప్రశ్న మిగిలే వుంది. టిప్పు ఎంత?

మన దేశంలో దీనికి చట్టం లేదు, వాడుకే. అమ్మాయి పురుడుకో, మనవణ్ణి చూసుకోవడానికో అమెరికా వెళ్ళివచ్చినవాళ్ళు మీలో చాలామంది వుంటారు. అక్కడ వందకు పదిహేనో, ఇరవయ్యో ఇవ్వకపోతే మన అమ్మాయే తల దించుకుంటుంది. కారణం వుంది. అక్కడ టిప్పులు తీసుకునే పనివాళ్ళకు యజమాని ఇవ్వవలసిన కనీసపు కూలి, దేశం మొత్తానికి వర్తించే చట్టం ప్రకారం, గంటకు 2 డాలర్ల 13 సెంట్లే. 1991 నుంచీ అది మారలేదు. కాలిఫోర్నియాలాంటి కొన్ని రాష్ట్రాలలో మట్టుకు పూర్తి కూలి ఇవ్వాలి. తక్కినచోట్ల జీతంలో పెద్ద వాటా తినడానికి వచ్చినవాడి చేత కట్టిస్తారన్నమాట. జపానులో అయితే దీనికి సరిగ్గా ఎదురు. బల్లమీద డబ్బు వదిలేసి వస్తే, మరిచిపోయారనుకుని వెనకాల పరుగెత్తుకొచ్చి ఇస్తారు. మా శ్రీముఖలింగం హోటలావిడ లాగే! ఇంగ్లండులో టిప్పులు మొత్తం పనివాళ్ళకే చెందాలి, యజమాని వుంచుకోకూడదు అని 2024 అక్టోబరు 1 నుంచి చట్టమే అమలులోకి వచ్చింది. ఇలాంటిది మనకూ వుంటే ఆ సర్వరు కౌంటరు వైపు చూసి భయపడవలసిన పని వుండేది కాదు.

మన దగ్గర జీతం ఇవ్వవలసింది యజమానే. కాబట్టి అమెరికా లెక్క మనకు పనికిరాదు. కూచోబెట్టి వడ్డించే హోటల్లో నేనయితే బిల్లులో నూటికి అయిదు మొదలుకుని పదిదాకా ఇస్తాను. పసిపిల్లలు అన్నమంతా చిమ్మేసిన రోజున ఇంకొంచెం ఎక్కువ. చిన్న టిఫిను హోటల్లో మిగిలిన చిల్లర, లేకపోతే ఓ పది. టోకెను కొనుక్కుని మనమే తెచ్చుకుని నిలబడి తినేచోట ఇవ్వవలసిన పనిలేదు. అన్న క్యాంటీన్లలో అయిదు రూపాయలకు పెడుతున్న భోజనం దగ్గర టిప్పు ప్రసక్తే లేదు. ఆలస్యంగా తెచ్చినా, దోసె మాడినా తప్పు వంటగదిదయితే సర్వరు టిప్పు కొయ్యడం న్యాయం కాదు. పైన పడేటట్టు గిన్నె విసిరి, మొహం చిట్లించుకుంటే మట్టుకు నేనేమీ ఇవ్వను. నా లెక్క తప్పని మీకు తోస్తే ఉత్తరం రాయండి.

ఈమధ్య ఇంకో చిక్కొచ్చి పడింది. అందరూ ఫోనుతో గీత డబ్బాను ఫొటో తీసినట్టు చూపించి బిల్లెంతో అంతా పైసలతో సహా కట్టేస్తున్నారు. చిల్లర అన్నది పుట్టదు, చిల్లర లేనిచోట టిప్పూ లేదు. కౌంటరు దగ్గర వున్న ఆ గళ్ళబొమ్మ యజమానిది. దానికి ఎక్కువ పంపిస్తే సర్వరుకు చేరుతుందో లేదో. సర్వరు ఫోనుకు విడిగా పంపితే అందరిముందూ అడిగినట్టుంటుంది, అతనికీ ఇబ్బంది. దీనికి మందు పాతదే. పర్సులో విడిగా పది, ఇరవై కాగితాలు. అవి మనుషుల చేతికే ఇవ్వాలి. వడ్డించినవాడికే కాదు, బల్ల తుడిచిన మనిషికీ, బాత్రూము దగ్గర నిలబడ్డ ఆవిడకూ. టిప్పు చాలాసార్లు కనిపించేవాడికే చేరుతుంది, ఎంగిలి ఎత్తేవాళ్ళకు చేరదు.

బల్ల తుడిచేది చిన్నపిల్లాడయితే? జాలిపడి వాడి చేతిలో ఇరవై పెట్టి, మంచిపని చేశామనుకుంటాం. నేనూ చేశాను. హోటళ్ళలో, ధాబాలలో, టీకొట్లలో పద్నాలుగేళ్ళ లోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడం 2006 అక్టోబరు 10 నుంచే నిషేధం. 2016లో చట్టాన్ని ఇంకా బిగించారు. ఆ పిల్లాడికి మనం ఇచ్చే ఇరవై రూపాయలు రేపు కూడా అక్కడే వుండడానికి అచ్చారం. 1098కు ఫోను చేస్తే పిల్లల సంరక్షణ చూసేవాళ్ళు పలుకుతారు. పేరు చెప్పనక్కర్లేదు, హోటలు ఎక్కడుందో చెబితే చాలు.

మొన్న మా పెళ్ళిరోజుకు మళ్ళీ బయటికి వెళ్ళాం, ఈసారి విశాఖలోనే. బిల్లు రాగానే మావారి చెయ్యి వెళ్ళేలోపల మా అత్తగారు ఆ నల్లట్ట తన వైపుకు లాక్కున్నారు. కళ్ళద్దాలు పెట్టుకుని, వేలు పెట్టి, ఒక్కొక్క వరసా పైకి చదివారు. పక్క బల్లవాళ్ళు చూశారు కూడా. సర్వీసు చార్జి లేదు. "ఇందులో నాకు చెప్పని రసగుల్లా వొకటుంది, ఎవరు తిన్నారు?" అన్నారు. మా చిన్నవాడు చెయ్యెత్తాడు. ఆవిడ కొంగుముడి విప్పి యాభై రూపాయలు తీసి సర్వరును పిలిచి, "ఇది నీకు, బల్ల తుడిచే అబ్బాయికీ చెరిసగం. పెద్దవాడేనా?" అని అడిగి, అతను తలూపాక ఇచ్చారు.